నా నడుము మోసిన మడి

ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తున్నాను. ఒక గంటసేపు కుర్చీలో కూర్చోగలుగుతున్నాను. ఆ గంటలో కొంచెం కొంచెంగా ఇది రాస్తున్నాను. అంతకంటే ఎక్కువ కూర్చుంటే ఎడమకాలు మొద్దుబారి, ఇది నాదేనా అని చేత్తో తట్టి చూసుకోవాల్సి వస్తుంది. మా అమ్మ పుట్టిల్లు కుప్పం వైపు. చిన్నప్పుడు అక్కడే ఉండి పదో తరగతి దాకా తెలుగులో చదివాను. మా ఆయనకూ మా అత్తకూ తెలుగు మాట్లాడటమే గానీ చదవటం రాదు. కాబట్టి వాళ్ళ గురించి కూడా ఇందులో దాపరికం లేకుండా రాస్తాను.

ముసలివాళ్ళను ఎత్తి దించే పనిలో ఉన్న ఆడపిల్లలెవరైనా ఇది చదివితే నాకు చాలు. డాక్టర్లు చదవనక్కర్లేదు. వాళ్ళకు తెలియనిది ఇందులో ఏమీ లేదు, వాళ్ళకు పట్టనిదే ఉంది.

పంతొమ్మిది వందల ఎనభై మూడు, కార్తీకం

ధర్మపురి నుంచి పాలక్కోడు పోయే దారిలో మా ముసలివాళ్ళ ఇల్లం ఉంది. అక్కడ అందరూ దాన్ని ఇల్లం అనే అంటారు, తమిళంలో ఇల్లనే అర్థం. ఒక ట్రస్టు వాళ్ళది. ముందువైపు డబ్బు కట్టేవాళ్ళ గదులు, వెనకవైపు ఎవరూ లేనివాళ్ళ హాలు. పగటిపూట ఆ మొత్తానికీ నర్సులం ఇద్దరమే, నేనూ స్టెల్లా. స్టెల్లాది బి. మల్లాపురం, క్రైస్తవుల పిల్ల. నాకంటే వయసులో చిన్నది, నోరు మాత్రం పెద్దది.

పక్కలు మార్చటం, వీపు పుండ్లు కడగటం, జావ తాగించటం, మాత్ర మింగారా బుగ్గలో దాచారా అని వేలు పెట్టి చూడటం, ఇదీ మా పని. చూడవచ్చిన కొడుకులు సిస్టర్ అని పిలుస్తారు. ముసలివాళ్ళకు కోపం వస్తే ఏయ్ అంటారు. రెంటికీ పలకాలి. చచ్చిపోయిన మనిషికి స్నానం చేయించి బట్ట కట్టి, ఆ చేతులు కడుక్కుని పక్క మంచం మనిషికి అన్నం కలిపి పెట్టాలి. ఇవేవీ నాకు కష్టమనిపించలేదు. పని చేతనైన మనిషినని నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

సేలంలో ట్రైనింగు ఇచ్చినప్పుడు మాకు మొదట నేర్పింది మనిషిని ఎత్తటం. ఒంటరిగా వంగి ఎవరినీ ఎత్తకూడదు. ఇద్దరు చెరోవైపు నిలబడి, మనిషి కింద దుప్పటి వేసి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఒకేసారి ఎత్తాలి. నేనూ స్టెల్లా అట్లాగే ఎత్తేవాళ్ళం. అవ్వ వచ్చేదాకా.

అవ్వ అంటే బజారులో ధాన్యం కొట్టు నడిపే శెట్టిగారి తల్లి. తుంటి ఎముక విరిగి సరిగ్గా అతుక్కోక నడక పోయింది. మంచి పుష్టి గల మనిషి కావటంతో కోడళ్ళు ఎత్తలేక ఇల్లంలో చేర్చారు. ఆమెకు తమిళం బ్రహ్మాండంగా వచ్చు, జీవితమంతా బజారులో బేరమాడిన నోరు. కానీ మా దగ్గరికి వచ్చిన మొదటి రోజు నుంచీ తమిళంలో ఏమడిగినా గోడకేసి తిరిగిపోయేది. నేను, "ఏమవ్వా, నీళ్ళు కావల్నా?" అన్నాను. ఆమె ముఖం ఇటు తిరిగింది. అంతే, దొరికిపోయాను.

అవ్వకు మడి ఉండేది. పొద్దున స్నానం చేయించాక, విడిగా ఆరేసిన నూలు చీర చుట్టి మంచం మీదికి చేర్చాలి. ఆమె జపం చేసుకుని ఫలహారం తినేదాకా ఇంకెవరూ ముట్టుకోకూడదు. స్నానాల గదికి తీసుకుపోయేటప్పుడు స్టెల్లా ముట్టుకోవచ్చు, ఎందుకంటే అప్పుడింకా మైలే. తిరిగి తెచ్చేటప్పుడు ముట్టుకోకూడదు. అంటే పొడి ఒంటితో ఉన్న అవ్వను ఇద్దరం మోసేవాళ్ళం, తడి ఒంటితో జారిపోయే అవ్వను నేనొక్కదాన్నే మోసేదాన్ని. నాకోసం శెట్టిగారు వేరే చీర ఒకటి తెచ్చి ఇచ్చారు. నేను అక్కడ మళ్ళీ స్నానం చేసి అది కట్టుకోవాలి. డ్యూటీ ఉన్న రోజుల్లో మాంసం తినకూడదు.

నేను వాళ్ళ కులం కాదు. మాది మట్టి పని, రాతి పని చేసుకునే కుటుంబం. ఆ సంగతి వాళ్ళకూ తెలుసు. కానీ తెలుగు మాట్లాడుతుంది కాబట్టి సర్దుకోవచ్చని శెట్టిగారు తేల్చారు. ఏ శాస్త్రంలో ఉందో నాకు తెలియదు. స్టెల్లా మాత్రం పడీపడీ నవ్వింది. నీళ్ళు పోస్తే పోయే మైల మనిషి ముట్టుకుంటే ఎట్లా వస్తుందక్కా అని తమిళంలో అడిగింది. తర్వాత నవ్వటం మానేసి, ఒంటరిగా ఎత్తొద్దని, మేనేజరుతో చెప్పమని రోజూ పోరింది.

మేనేజరు రిటైరైన హెడ్మాస్టరు. చెప్పాను. ఆయన నన్ను కూర్చోబెట్టి, నీలాంటి నర్సు ఉండబట్టే పెద్ద ఇళ్ళవాళ్ళు మనల్ని నమ్మి వస్తున్నారన్నాడు. శెట్టిగారు వచ్చిన వాళ్ళందరికీ నన్ను చూపించి, మా తెలుగు పిల్ల, మా అమ్మకు కూతురితో సమానం అనేవారు. ఇట్లా అందరూ కలిసి నన్ను మునగచెట్టు ఎక్కించారు. ఆ కొమ్మ ఎంత గట్టిదో అందరికీ తెలిసిందే.

ఎనభై నాలుగు, ఆడి నెల (మన ఆషాఢం)

ఎండాకాలం నుంచే పొద్దున లేవగానే నడుము పట్టేసేది. తైలం రాసుకుని పోయేదాన్ని. ఒక రోజు వంగి చెప్పు తీసుకోలేక కాలితో జరుపుకున్నాను. మా ఆయన గోవిందు మేస్త్రీ పని చేస్తాడు, ఆయనకు నడుం నొప్పి కొత్తేమీ కాదు. అదే పోతుందిలే అన్నాడు.

ఆడి శుక్రవారం. అవ్వకు నూనె తలస్నానం. సీకాయ ఎంత రుద్దినా ఒంటి మీద జిడ్డు మిగిలే ఉంది. స్టూలు మీద నుంచి ఎత్తాను. ఆమె నా మెడ చుట్టూ చేతులు వేసి వేలాడింది. గడప దాటేటప్పుడు ఆమె ఒళ్ళు నా చేతుల్లో జారింది. వదిలేస్తే ఆమె రెండో తుంటి కూడా విరిగేది. వదల్లేదు. నడుము లోపల ఏదో పక్కకు తప్పుకున్నట్టయింది. శబ్దం కూడా రాలేదు. ఎడమకాలి బొటనవేలి దాకా మంట పాకింది. అవ్వను మంచం మీదికి ఎట్లా చేర్చానో తెలియదు. చేర్చి, నేను నేల మీద పడిపోయాను.

అవ్వ మంచం మీద నుంచి కిందికి చూసి, "చీర నేలకు తగలనీయొద్దే, మైల పడతాది" అంది.

ఆమె చెడ్డ మనిషని చెప్పటానికి ఇది రాయటం లేదు. ఆమెకు ఆ క్షణంలో కనపడింది చీరే. స్టెల్లా గుమ్మంలో నిలబడి ఉంది, స్నానం తర్వాత ఆమె ఆ గుమ్మం దాటకూడదు. దాటి వచ్చింది. అవ్వ రావొద్దు రావొద్దు అంటూనే ఉంది. స్టెల్లా నా తల ఒళ్ళో పెట్టుకుని మొట్టమొదటిసారి అవ్వ మీద తమిళంలో గట్టిగా అరిచింది. తర్వాత తెలిసింది, నన్ను మోసుకుపోయాక అవ్వ మళ్ళీ స్నానం చేయించమని పట్టుబట్టిందట.

ధర్మపురి పెద్దాసుపత్రిలో చెక్కబెంచీ మీద కూర్చోలేను, నిలబడలేను. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టుంది నా బతుకు. నర్సునని చెప్పుకుంటే ముందు చూస్తారేమోనని చెప్పాను. చీటీ ఇచ్చే అతను తలెత్తకుండా వరుసలో రమ్మన్నాడు. ఏ. పళ్లిపట్టి నుంచి కొడుకును తీసుకొచ్చిన ఒకావిడ నన్ను చూసి, తన మూటలో నుంచి పాత చీర తీసి నేల మీద పరిచి, పడుకో తాయీ, నీ పేరు వస్తే నేను లేపుతానంది. ఆమె కొడుకు వంతు వచ్చి పోయింది. నా పేరు పిలిచేదాకా ఆమె పోలేదు. ఆమె పేరు కూడా అడగలేదు నేను.

మేనేజరు వచ్చాడు. నాకు ధైర్యం చెప్పటానికనుకున్నాను. డాక్టరుతో, ఈమె ఇంట్లో బావి నుంచి నీళ్ళు మోస్తుంది, అందుకే ఇట్లా అయి ఉంటుందని చెప్పాడు. మా ఇంటికి బావే లేదు. మేము వీధి కొళాయి దగ్గర పట్టుకుంటాం. ఆ మాట చెప్దామంటే నొప్పికి నా నోరు పెగల్లేదు. గోవిందు పక్కనే నిలబడి ఉన్నాడు, చదువుకున్న మనిషి ముందు ఏం మాట్లాడాలో తెలియక తల ఊపాడు. ఆ తల ఊపినందుకు ఆయన్ని చాలా రోజులు క్షమించలేకపోయాను. ఇప్పటికీ పూర్తిగా క్షమించానో లేదో చెప్పలేను.

ఆవణి, పురట్టాసి (శ్రావణం, భాద్రపదం)

సేలం పంపించారు. అక్కడ మంచం కాళ్ళ వైపు ఇటుకలు పెట్టి ఎత్తు చేసి, నడుముకు పట్టీ కట్టి, దానికి బరువులు వేలాడదీశారు. రెండు నెలలు పైకప్పు చూస్తూ పడుకున్నాను. ఆపరేషన్ చేస్తే కాలు పోవచ్చు, చేయకపోతే కూడా పోవచ్చు అన్నాడు ఒక డాక్టరు. రెండో డాక్టరు ఆ మాట కూడా చెప్పలేదు.

నాకు భయం వేసింది చావుకు కాదు. ఎత్తలేని నర్సుకు ఎక్కడా పని ఉండదు. నాకు వేరే పని రాదు. మళ్ళీ నా కాళ్ళ మీద నిలబడి, ఆ తెల్లచీర కట్టుకుని పనికి పోతానా లేదా, రాత్రీ పగలూ అదే నా ఆలోచన. ఎడమకాలి వేళ్ళు కదిలించి చూసుకునేదాన్ని. చిటికెనవేలు కదిలిన రోజు పండగ, కదలని రోజు ఏడుపు.

అక్కడే ఒక సంగతి తెలిసింది. పక్క గుడ్డ మార్చటానికి ఇద్దరు ఆయాలు వచ్చేవాళ్ళు. ఒకామె తలవైపు, ఒకామె కాళ్ళవైపు. ఒణ్ణు, రెండు, మూణు అని లెక్కపెట్టి ఎత్తేవాళ్ళు. నొప్పే తెలియదు. గాలిలోకి లేచి మళ్ళీ దిగేదాన్ని. నేను లావు మనిషినే, వాళ్ళకు కనీసం ఆయాసం కూడా రాలేదు. ఇంత తేలికైన పనికా నేను నడుము ఇచ్చుకున్నానని మొదటిసారి అప్పుడు కడుపు మండింది. ఆ మంట ఇంకా ఆరలేదు.

శెట్టిగారు సేలానికి ఒకసారి వచ్చారు, ఏదో సరుకు పని మీద వచ్చి దారిలో చూసిపోయారు. ఆపిళ్ళు తెచ్చారు. అమ్మ రోజూ నీ పేరే తలుచుకుంటుంది, నువ్వు తొందరగా లేచి రావాలి, నీ చెయ్యి తప్ప ఆమె ఒప్పుకోదన్నారు. నాకు ఏడుపొచ్చింది. నిజం చెప్తున్నాను, ఆ మాట పట్టుకునే ఆ తర్వాత రోజులు వెళ్ళదీశాను. నా కోసం ఒక ముసలామె స్నానం లేకుండా కూర్చుని ఉందని ఊహించుకుని, వేళ్ళు కదిలించటానికి ఇంకా కష్టపడ్డాను.

ఐప్పసి నుంచి తై దాకా (ఆశ్వయుజం నుంచి పుష్యం దాకా)

ఇంటికి పంపారు. ధర్మపురిలో అద్దె ఇంట్లో చూసుకునే మనిషి లేక, మహేంద్రమంగళంలో మా అత్తగారింటికి తీసుకుపోయారు. చెక్కబల్ల మీద పడక. అన్నిటికీ ఇంకొకరి చెయ్యి కావాలి. ఆ ఇంకొకరు మా అత్త. మొదటి వారం బాగానే చూసింది. తర్వాత ఆమె మాటలు మొదలయ్యాయి.

"ఊర్లోళ్ళ అవ్వలనంతా ఎత్తి ఎత్తి నడుము పోగొట్టుకుంటివి. ఈ అవ్వకు ఒక చెంబు నీళ్ళు ఇచ్చినావా ఎప్పుడన్నా?" అంది ఒక పొద్దున, నాకింద బేసిన్ పెడుతూ.

ఆమె మాటలో అబద్ధం లేదు. అందుకే అది గుచ్చుకుంది. ఆమెకు మోకాళ్ళు వాచి ఉన్నాయి, వంగినప్పుడల్లా మూలుగుతుంది. ఒంటరిగా ఎత్తొద్దత్తా, ఎవరినైనా పిలువు అని నేను చెప్తే, ఎవరుండారు పిలిచేదానికి అనేది. గోరుచుట్టు మీద రోకటి పోటు అన్నట్టు, గోవిందుకు రెండో పెళ్ళి చేయమని వాకిట్లో కూర్చున్న చుట్టాలు చెప్తుంటే నాకు వినపడేది. గోవిందు చేసుకోలేదు. చేసుకోననీ అనలేదు. ఆదివారాలు వచ్చి నా మంచం పక్కన కూర్చుని బీడీ కాల్చి, కాలు ఎట్లుండాదని అడిగి పోయేవాడు. ఒకసారి మాత్రం ఎవరూ చూడకుండా నా పాదాలు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు పిసికాడు. ఆ ఆదివారం కోసం మిగతావన్నీ ఓర్చుకున్నాను.

స్టెల్లా సెలవు రోజున బస్సెక్కి వచ్చేది. వచ్చిన వెంటనే మా అత్తను కూర్చోబెట్టి, ఇంటి పక్క ఆవిడను పిలిచి, ఇద్దరూ కలిసి నన్ను పెరట్లోకి చేర్చేవాళ్ళు. తలకు సీకాయ రుద్ది, చిక్కులు తీసి జడ వేసేది. మా అత్త ముఖం చిట్లించేది గానీ కాఫీ ఇచ్చేది. రెండోసారి వచ్చినప్పుడు స్టెల్లాకు వేరే లోటా పెట్టటం మానేసింది.

అవ్వ ఎట్లా ఉందని నేను ప్రతిసారీ అడిగేదాన్ని. స్నానం ఎట్లా చేయిస్తున్నారు, మడి ఎట్లా జరుగుతోంది అని. స్టెల్లా ఏదోలే అక్కా, నువ్వు ముందు కాలు చూసుకో అని మాట తప్పించేది. అంత నోరున్న పిల్ల ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం నసిగేది. అవ్వ పరిస్థితి బాగాలేదేమో, చెప్తే దిగులు పడతానని దాస్తోందేమో అనుకున్నాను.

తై నెలలో గోడ పట్టుకుని నిలబడ్డాను. మా అత్త గుమ్మం దగ్గర నిలబడి చూసి, లోపలికి పోయి దీపం పెట్టింది. ఆమెను నేను ఇన్ని మాటలన్నాను గానీ, ఆ దీపం సంగతి రాయకపోతే పాపం.

ఎనభై ఐదు, మాసి నెల (మాఘం)

నడుముకు పట్టీ బిగించుకుని, ఉతికిన తెల్లచీర కట్టుకుని ఇల్లానికి పోయాను. బరువెత్తే పని వద్దు, మాత్రలు ఇచ్చే పని, సూదులేసే పని, జావ తాగించే పని ఇవ్వమని అడుగుదామని. మేనేజరు లేచి నిలబడి కూర్చోమన్నాడు, ఆరోగ్యం అడిగాడు. అడగాల్సింది నేను అడిగాక, ఆయన పేపరు మడత పెట్టాడు.

"ఉండేది ఇద్దరు నర్సులమ్మా. వంగలేని నర్సును పెట్టుకుని నేనేం చేయను? నువ్వే చెప్పు" అన్నాడు తమిళంలో, చాలా మర్యాదగా. నా స్థానంలో ఆడి నెలలోనే వేరే అమ్మాయిని తీసుకున్నారు.

ఒకసారి అవ్వను చూసిపోతానన్నాను. వరండాలో నడిచి ఆమె గది ముందుకు వచ్చేసరికి స్నానం అయినట్టుంది. తలుపు తెరిచే ఉంది. స్టెల్లా ఒకవైపు, కొత్త అమ్మాయి ఒకవైపు, మధ్యలో దుప్పటి మీద అవ్వ. ఒంటి మీద తడి ఆరలేదు. స్టెల్లా, "అవ్వా, గెట్టిగా పట్టుకో" అంది వచ్చీరాని తెలుగులో. అవ్వ స్టెల్లా మెడ పట్టుకుంది. ఇద్దరూ ఆమెను మంచం మీదికి చేర్చి చీర సర్దారు. ఆమె కళ్ళు మూసుకుని జపం మొదలుపెట్టింది.

స్టెల్లా నన్ను చూసి చేతిలో దుప్పటి అట్లాగే పట్టుకుని నిలబడిపోయింది. ఎప్పటి నుంచి అని అడిగాను. తల వంచుకుని, నువ్వు పడిపోయిన వారంలోనే అక్కా అంది. నాలుగు రోజులు అవ్వ ఒప్పుకోలేదట. ఐదో రోజు ఒళ్ళు దురద పెడితే పిలిచిందట. చెప్తే నువ్వు తట్టుకోలేవని చెప్పలేదంది.

శెట్టిగారు అప్పుడే ఫలహారం కారియర్ తీసుకుని వచ్చారు. నన్ను చూసి ఎంతో సంతోషపడ్డారు. లేచి తిరుగుతున్నావు, దేవుడు చల్లగా చూసినాడన్నారు. నేను గదివైపు చూపించి అడిగాను, "మడి, అన్నా?"

"ఏం చేసేదమ్మా, ఎత్తే మనిషి లేకపోయె. ఆపద్ధర్మం" అన్నారాయన.

ఆయనకు తప్పు చేశానన్న భావం ఇసుమంత కూడా లేదు. నిజంగానే శాస్త్రంలో ఉన్నది చెప్పారు. అవ్వకు ఎత్తే మనిషి లేకపోవటం ఆపద. ఎత్తే మనిషి నడుము విరగటం ఆపద కాదు. ఎండాకాలమంతా నేను తైలం రాసుకుని కుంటుతూ వచ్చింది వీళ్ళందరూ చూశారు. ఆ ధర్మం నా నడుము పోకముందు ఒక్క రోజు వచ్చి ఉంటే సరిపోయేది. ఈ మాట ఆయనతో అన్నాను. ఇంత పొడుగ్గా కాదు, "ముందే వచ్చి ఉంటే నేను బతికిపోదును కదన్నా" అన్నాను. ఆయన కారియర్ ఈ చేతిలో నుంచి ఆ చేతిలోకి మార్చుకుని, అంతా మన రాత అని లోపలికి పోయారు.

నేనూ లోపలికి పోయాను. మాట్లాడకుండా తిరిగిపోదామనే అనుకున్నాను, కాళ్ళు వినలేదు. అవ్వ జపం ముగించి కళ్ళు తెరిచింది. నన్ను గుర్తుపట్టింది. ముఖమంతా వెలిగిపోయింది. ఆ సంతోషం అబద్ధం కాదు, నేను ప్రమాణం చేస్తాను.

"వచ్చినావా, నాయనా? రా, నన్ను కొంచెం పైకి జరుపు. తలగడ కిందికి పోయె" అని రెండు చేతులూ నావైపు చాపింది.

నా చేతులు వాటంతట అవే ముందుకు పోయాయి. నడుము వంగబోయింది. పట్టీ పక్కటెముకల్లో గుచ్చుకుని, ఎడమకాలి మంట మళ్ళీ బొటనవేలి దాకా పాకింది. మంచం పట్టెను పట్టుకుని నిలబడ్డాను. ఎత్తలేను అవ్వా, ఇంక నావల్ల కాదు అన్నాను.

అవ్వ చాపిన చేతులు అట్లాగే ఉంచి నన్ను కిందికీ పైకీ చూసింది. కోపం లేదు, జాలీ లేదు.

"సరి, పోనీ. ఆ పిల్లను పిలువు" అంది.

నేనే వరండాలోకి వచ్చి స్టెల్లాను పిలిచాను. ఇంకో అమ్మాయిని కూడా తోడు తెచ్చుకోమన్నాను.